విమానం ఎక్కే ముందు ఉగ్గాని తినకండి

గాల్లోంచి ఫొటోలు తీయడం ఎలా మొదలుపెట్టాలని ఈ మధ్య ఒక కుర్రాడు స్టూడియోకి వచ్చి అడిగాడు. ఏ కెమెరా, ఏ లెన్సు, ఎంత ఖర్చు అని ప్రశ్నలన్నీ కాగితం మీద రాసుకుని మరీ వచ్చాడు. నేను చెప్పిన మొదటి మాట విని పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు. "ముందు ఒక నల్ల చొక్కా కొనుక్కో నాయనా" అన్నాను. ఎగతాళి అనుకుని ఉంటాడు. కాదు. ఆ చొక్కా లేకనే నా మొదటి ఫొటోలన్నీ పోయాయి.

నాది అనంతపురంలో చిన్న స్టూడియో. పద్దెనిమిదేళ్లుగా పెళ్లిళ్లు, పుట్టువెంట్రుకలు, రిటైర్మెంట్ ఫంక్షన్లు తీస్తున్నాను. విమానాల పిచ్చి ఏమీ లేదు. చిన్నప్పుడు మా మిద్దె మీంచి విమానం పోతుంటే చెయ్యి ఊపినవాళ్లలో నేనూ ఒకణ్ణి, అంతే.

కర్నూలులో ఒక పెళ్లి ఆర్డరు ముగించుకుని, కెమెరా సర్వీసుకివ్వడానికి అటునుంచి అటే బెంగళూరు వెళ్లాల్సి వచ్చింది. ఓర్వకల్లు దగ్గరి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయం 2021 మార్చిలో మొదలైంది కదా, అక్కణ్ణుంచి బెంగళూరుకు ఏటీఆర్ తిరుగుతోంది అప్పట్లో. టికెట్ తీసేశాను. ఏటీఆర్ అంటే రెక్కలకు రెండు పంకాలు తిరిగే విమానం, డెబ్బై మంది పైచిలుకు పడతారు. వెనక తలుపులోంచి ఎక్కాలి. ఫొటోలు తీసేవాడికి అందులో ఉన్న సుఖం ఏమిటంటే రెక్క కిటికీలకు పైన ఉంటుంది, అంటే కింద నేల కనబడటానికి అడ్డం ఉండదు. పెద్ద జెట్లలో సగం సీట్లకు కిందికి చూస్తే రెక్కే కనిపిస్తుంది.

మధ్యాహ్నం ఫ్లైటు. సూర్యుడు పడమర ఉంటాడు, మనం దక్షిణానికి పోతాం, కాబట్టి ఎడమ కిటికీ దగ్గర కూర్చుంటే వెలుతురు మన వెనకనుంచి నేల మీద పడుతుంది. పెళ్లిళ్లలో మంటపం ఏ దిక్కున ఉందో చూసుకునే అలవాటు కొద్దీ ఇదంతా ముందే లెక్కేసుకున్నాను. మురిసిపోయాను కూడా. లేచిన కాసేపటికే కింద ముదురు నీలంగా ఇంత పెద్ద చెరువు. ఈ ప్రాంతంలో ఇన్ని నీళ్లు ఎక్కడివబ్బా అనుకుంటూ టకటకా ముప్పై ఫొటోలు కొట్టాను. అంచులు మరీ గీత గీసినట్టు ఉన్నాయేంటని అప్పుడు అనుమానం రాలేదు. ఇంటికొచ్చి కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తే చెరువు కాదు, గని, శకునాల ఊళ్ల దగ్గరి సోలార్ పార్కు. వెయ్యి మెగావాట్ల పలకలు ఎండలో పరుచుకుని ఉన్నాయి. వాటి మీద, ఫ్రేముకు అడ్డంగా, గుండీలతో సహా నా తెల్ల చొక్కా.

జరిగిందేమిటంటే, కుడి పక్క కిటికీల్లోంచి పడమటి ఎండ వచ్చి నా రొమ్ము మీద పడింది. పెళ్లికి వేసుకున్న తెల్ల చొక్కా అది. ఆ వెలుతురంతా తిరిగి ఎడమ కిటికీ మీద పడింది. కంటికి కనబడలేదు, ఎందుకంటే కన్ను దూరాన్నే చూస్తుంది. కెమెరా రెండూ చూస్తుంది. ముప్పై ఫొటోల్లో ముప్పై చొక్కాలు.

తిరుగు ప్రయాణంలో ఇంకో తెలివి చూపించాను. ప్రతిబింబాలు పోవాలంటే పోలరైజర్ ఫిల్టర్ పెట్టాలని ఎక్కడో చదివి అది పెట్టాను. ఈసారి నేల మీద ఇంద్రధనుస్సులు దిగాయి. విమానం కిటికీ గాజు కాదు, ప్లాస్టిక్. దాన్ని ఒత్తిడితో బిగించి ఉంటారు, పోలరైజర్‌లోంచి చూస్తే ఆ ఒత్తిడంతా రంగురంగుల చారలుగా బయటపడుతుంది. పంట చేల మీద ఊదా, పచ్చ, గులాబీ చారలు. మా ఆవిడ చూసి చీర బార్డరులాగా బాగుందంది. ధర్మవరం పక్క ఊరి మనిషి, చీర తప్ప ఇంకేం గుర్తొస్తుంది.

కాబట్టి కొత్తవాళ్లకు నేను చెప్పేది, మొదటి పాఠం మామూలు టికెట్ కొనుక్కుని కిటికీ సీట్లోనే నేర్చుకోండి అని. నల్ల చొక్కా వేసుకోండి, పోలరైజర్ ఇంట్లో పెట్టండి, లెన్సును కిటికీకి దగ్గరగా పెట్టండి గానీ ఆనించకండి. ఆనిస్తే ఇంజను వణుకంతా నేరుగా లెన్సులోకి వస్తుంది. మోచేతులు కూడా సీటు చెయ్యికి ఆనించకూడదు, గాల్లో ఉంచాలి. నడుము పైనంతా స్ప్రింగు అనుకోండి.

ఇది నేర్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ప్రయాణికులు విమానం లోపలినుంచి ఫొటోలు తీసుకోవచ్చని విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ 2004లోనే చెప్పింది. వైమానిక దళం వాడుకునే విమానాశ్రయాల్లో దిగేటప్పుడు, లేచేటప్పుడు మాత్రం సిబ్బంది వద్దంటారు, వినాలి. అయితే ఇదంతా టికెట్ ప్రయాణికుడి సంగతి. చిన్న విమానం అద్దెకు తీసుకుని, కిటికీ తెరిచి, పనిగట్టుకుని కింద ఉన్నవి ఫొటోలు తీయడం వేరే లెక్క. 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్ 13వ నియమం కాలం నుంచీ అది అనుమతి తీసుకుని చేయాల్సిన పని. ఎక్కడ, ఏ రోజుల్లో, ఎవరు, ఏ పరికరంతో తీస్తారో అన్నీ రాసివ్వాలి, రక్షణ శాఖ వైపు నుంచి కూడా సరే అనిపించుకోవాలి. పైలట్ తెలిసినవాడు, ఆదివారం ఖాళీ, పోయి తీసుకొద్దాం అంటే కుదరదు. ఆ పైలట్ లైసెన్సుకూ ఎసరు పెట్టినవాళ్లమవుతాం.

మరి డ్రోన్ ఉండగా ఈ తంటా ఎందుకని ఆ కుర్రాడు అడిగాడు. నా దగ్గరా డ్రోన్ ఉంది. పెళ్లికొడుకు గుర్రం మీంచి దిగే సీను దాంతోనే తీస్తాను. కానీ 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం, ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో కూడా 400 అడుగులు, అంటే 120 మీటర్ల దాకే. దాంతో ఒక ఊరు కనిపిస్తుంది, ఒక చెరువు కనిపిస్తుంది. నాకు కావలసింది ఒక చెరువు కాదు.

మా జేజినాయన, అంటే తాత, ఊరి చెరువుకు నీరుగంటి. తూము ఎప్పుడు తెరవాలి, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు, ఇవన్నీ ఆయన చేతిలో ఉండేవి. పార భుజాన వేసుకుని కట్ట మీద నడిచేవాడు. మా చెరువుకు సొంతంగా వాన నీళ్లు చాలవు. పైన ఇంకో చెరువు నిండి, దాని మరువ, అంటే అలుగు, దుమికితేనే ఆ నీళ్లు వంక పట్టుకుని మా చెరువులోకి వస్తాయి. మాది నిండితే కింది ఊరికి. గొలుసుకట్టు చెరువులంటారు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప అనుకునే జిల్లాలో ప్రతి చుక్కనూ నాలుగైదుసార్లు ఆపి వాడుకోవడానికి పాతవాళ్లు చేసిన ఏర్పాటు. జేజినాయన కర్రపుల్లతో నేల మీద గీసి చూపించేవాడు, ఇది పై చెరువు, ఇది మనది, ఇది కిందిది అని. చిన్నప్పుడు నాకది పూసల దండలాగా అనిపించేది. ఆ దండ మొత్తం ఒక్క ఫొటోలో పడాలని నా కోరిక. 400 అడుగుల్లో అది పడదు.

అవకాశం అనుకోకుండా వచ్చింది. పాత నీటి వసతుల మీద డాక్యుమెంటరీ తీసే బృందమొకటి పుట్టపర్తి నుంచి చిన్న విమానంలో చెరువుల మీదుగా తిరగడానికి అనుమతులు సంపాదించుకుంది. వాళ్ల కాగితాలు తిరగడానికే నెలలు పట్టిందట. వీడియో తీసేవాడు వాళ్ల మనిషే. స్టిల్ ఫొటోలు తీయడానికీ, ఏ చెరువు ఏదో చూపించడానికీ ఇక్కడివాడు ఒకడు కావాలి. నేను డ్రోన్‌తో తీసిన చెరువు ఫొటోలు ఎవరో వాళ్లకు చూపించారు. ఫోను వచ్చినప్పుడు నేను ఒక పుట్టినరోజు కేకు ఫొటో తీస్తున్నాను. కేకు కోసింది నాకు గుర్తులేదు.

వాళ్లడిగిన మొదటి ప్రశ్న నా బరువు. రెండోది నా బ్యాగు బరువు. ఆ విమానం సెస్నా 172, నాలుగు సీట్లు, మొత్తం నింపితే దాదాపు 1,100 కిలోలు దాటకూడదు. అందులోనే విమానం, పెట్రోలు, మనుషులు, కెమెరాలు అన్నీ. పెళ్లికూతురి నగలు తూచినట్టు తూచారు. ట్రైపాడ్ తెస్తానంటే అవతలి మనిషి నవ్వాడు.

రెండు వారాలు టైముంది. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీటు, అంటే గుట్టలూ వంకలూ అన్నీ చూపించే పటం, తెచ్చి స్టూడియో బల్ల మీద పరిచాను, రెండు సెంటీమీటర్లకు ఒక కిలోమీటరు. పుట్టపర్తి దాటగానే బుక్కపట్నం చెరువు, అక్కణ్ణుంచి ఉత్తరంగా ధర్మవరం చెరువు దాకా. రెండూ చిత్రావతి నీళ్లు తాగేవే. మధ్యలో, పక్కల్లో చిన్నవి. మొత్తం తొమ్మిది చెరువులు ఏరుకున్నాను. ఫ్లైటు పొద్దున ఆరూ ముప్పావుకి, సూర్యుడు తూర్పున. నా సీటు పైలట్ పక్కన, కుడివైపు. అంటే ఉత్తరానికి పోయేటప్పుడు నా కిటికీ తూర్పు చూస్తుంది, ఎండ కళ్లలో కొడుతుంది. దక్షిణానికి తిరిగొచ్చేటప్పుడు పడమర చూస్తుంది, ఎండ వెనకనుంచి వస్తుంది. కాబట్టి పోయేటప్పుడు ఏమీ తీయకూడదు, వచ్చేటప్పుడే అన్నీ తీయాలని నిర్ణయించాను. కాగితం మీద పోయే దారికి ఎదురుగా 'ఖాళీ' అని రాసుకున్నాను. ఆ కాగితం ఇప్పటికీ ఉంది. దాని సంగతి తర్వాత చెప్తాను.

పైలట్ కడప జిల్లా అమ్మాయి. ముప్పై కూడా ఉండవు. "కెప్టెన్ గారూ" అని మొదలుపెట్టాను, రెండో మాటకే "అమ్మా" అయిపోయింది. ముందురోజు సాయంత్రం విమానం దగ్గరే నిలబెట్టి నాకు పాఠం చెప్పింది.

"అన్నా, పైకి పోయినాక మీరు అదిగో అదిగో అని చెయ్యి చూపిస్తే నాకేం అర్థం కాదు. నేను ఎడమవైపు కూర్చుంటాను. మీ కిటికీలో కనబడేది నాకు కనబడదు. గడియారం లెక్కన చెప్పండి. ముక్కు పన్నెండు. మీ భుజం మూడు. ఇప్పుడు చెప్పండి, ఆ జీపు ఎక్కడుంది?"

"నాలుగు దగ్గర."

"ఎంత దూరం?"

"యాభై గజాలు."

"పైన ఉన్నప్పుడు గజాలు వద్దన్నా, కిలోమీటర్లు చెప్పండి" అని నవ్వింది. తర్వాత ఒక్కసారిగా ముఖం గంభీరంగా పెట్టి, "నేను వద్దన్నానంటే వద్దే. ఇంకొక్క ఫొటో అనొద్దు" అంది. పెళ్లిళ్లలో పురోహితుడి చేత కూడా ఆ మాట అనిపించుకుంటాను నేను. సరేనన్నాను.

కిటికీ సంగతి అప్పుడే చూశాను. సెస్నా కిటికీకి కీలు పైన ఉంటుంది, కింది అంచు బయటికి తెరుచుకుంటుంది. మామూలుగా ఒక చిన్న కడ్డీ అడ్డుపడి దాన్ని నాలుగు వేళ్లంత మాత్రమే తెరవనిస్తుంది. ఇంజనీరు ఆ కడ్డీ స్క్రూ తీసేశాడు. ఎగిరేటప్పుడు గాలి వేగానికి కిటికీ తలుపు దానంతటదే పైకి లేచి రెక్క కింద అతుక్కుపోతుందట. "పట్టుకోవడానికి ఎవరూ వద్దా?" అంటే, "గాలే పట్టుకుంటుంది సార్" అన్నాడు. నమ్మకం కలగలేదు. మర్నాడు చూశాను, నిజమే.

ఇక నా పొరపాటు. ఉదయం ఆకలితో పోవద్దు, కడుపు నిండా తినొద్దు, ఏదైనా తేలిగ్గా తినమని ఆ అమ్మాయి చెప్పింది. పుట్టపర్తికి పోయే దారిలో ఒక బండి దగ్గర వేడివేడిగా ఉగ్గాని కలుపుతున్నారు. బొరుగులు తేలికే కదా అనుకున్నాను. బొరుగులు తేలికే. దాంతోపాటు తిన్న నాలుగు మిరపకాయ బజ్జీలు తేలిక కాదు.

కెమెరాలు రెండు. ఒకటి నాది, వెడల్పుగా చూసే 24–70 లెన్సుతో. ఇంకొకటి పక్క వీధి స్టూడియో అతని దగ్గర బతిమాలి తెచ్చుకున్నది, దూరానివి దగ్గరగా చూపించే 70–200తో. తెరిచిన కిటికీ దగ్గర లెన్సు మార్చే పని పెట్టుకోకూడదు, చెయ్యి జారితే కింద ఎవరి నెత్తి మీద పడుతుందో. అదే భయంతో లెన్సు హుడ్లు తీసేశాను, మూతలు జేబులో వేసి జిప్ పెట్టాను, రెండు పట్టీలూ మెడకూ నడుముకూ కట్టుకున్నాను. ఫోకస్‌ను ఆటోమేటిక్‌కు వదలకూడదు, అది ఒక్కోసారి కిటికీ అంచునో, రెక్కకు ఊతంగా ఉండే కడ్డీనో పట్టుకుని కూర్చుంటుంది. రన్‌వే పక్కన నిలబడి దూరంగా కొండ మీద ఫోకస్ చేసి, మాన్యువల్‌లోకి మార్చి, ఆ రింగు మీద టేపు అంటించాను. చాలా దూరానికి ఫోకస్ అని లెన్సు మీద రాసి ఉండే అనంతం (∞) గుర్తును నమ్మకండి, ఎండకూ చలికీ అది కాస్త జరుగుతుంది.

షట్టరు, అంటే కెమెరా కన్ను తెరిచి ఉండే సమయం, సెకనులో 1/1600 వంతు. ఎపర్చరు, అంటే ఆ కన్ను ఎంత వెడల్పు తెరుచుకుంటుందో, 5.6. వెలుతురును ఎంత త్వరగా పట్టుకోవాలో చెప్పే ఐఎస్ఓ 400. ఎపర్చరు గురించి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు, కింద ఉన్నదంతా దూరమే కాబట్టి అన్నీ ఫోకస్‌లోనే ఉంటాయి. షట్టరు మాత్రం సెకనులో వెయ్యో వంతు కంటే నెమ్మది కానీయకండి. విమానం గంటకు 165 కిలోమీటర్లతో పోతుంటే సెకనుకు 46 మీటర్లు. వెయ్యో వంతు సెకనులో నాలుగున్నర సెంటీమీటర్లు. వెయ్యి అడుగుల పైనుంచి చూస్తే అది లెక్కలోకే రాదు. ఫొటోను చెడగొట్టేది ఆ వేగం కాదు, ఇంజను వణుకూ, కిటికీలోంచి కొట్టే గాలీ. 70–200 ముక్కు కిటికీ అంచు దాటి అంగుళం బయటికి పోయిందో లేదో, ఎవరో పట్టుకుని వెనక్కి లాగినట్టయింది. ఆ తర్వాత దాన్ని ముట్టుకోలేదు. అరువు తెచ్చిన కెమెరా, దాని మూడు కిలోల బరువు, అంతా దండగ.

లేచాం. రెండురోజుల కిందటే వాన పడింది, గాలి కడిగినట్టు ఉంది. పొద్దున్నే ఎందుకంటే, మా ఎర్రనేల, గుట్టల బండలు పది గంటలకల్లా కాగిపోతాయి, ఆ వేడి గాలి పైకి తన్నుతుంటే చిన్న విమానం గుంతల రోడ్డు మీద ఆటోలా ఎగిరెగిరి పడుతుంది. ఆరూ ముప్పావుకి మాత్రం నీళ్ల మీద పడవలా ఉంది.

కిటికీ తెరిచాక హెడ్‌ఫోన్‌లో గాలి మోత తప్ప ఏమీ వినిపించలేదు. గడియారం పాఠమంతా వృథా. ఆ అమ్మాయి చేత్తో సైగ చేసింది, మైకును రెండు వేళ్లతో మూసి పెదవులకు ఆనించి మాట్లాడమని. అలా చేస్తే కాస్త వినబడింది. అలాగే అరుచుకుంటూ వెళ్లాం. బుక్కపట్నం చెరువు దాటుతుంటే మాట కలపడానికి అడిగాను, మీ ఊరు ఏదమ్మా అని. "పోరుమామిళ్ల పక్కన" అంది. నాకు ఒళ్లు పులకరించింది. పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు వెయ్యిమంది మనుషుల్ని, వంద బండ్లను పెట్టి రెండేళ్లు కట్టించాడని అందులో ఉంది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు లక్షణాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా రాయించాడు. ఇదంతా మైకు మూసుకుని అరిచి చెప్పాను. "ఆ చెరువులోనే నేను ఈత నేర్చుకున్నా అన్నా" అని తిరిగి అరిచింది.

ఉత్తరానికి పోతున్నాం, 'ఖాళీ' దారి. కెమెరా ఒళ్లో పెట్టుకుని ఊరికే చూస్తున్నాను. ఎండ నేరుగా కళ్లలోకి. నేలంతా నల్లగా, గుట్టలు బొగ్గు ముద్దల్లా. ఉన్నట్టుండి ఆ నల్లటి నేలలో ఒక చెరువు తళుక్కుమంది. దాని అవతల ఇంకొకటి. దానికవతల ఇంకొకటి. పంట కాలువలు, రోడ్డు పక్క నీటి గుంతలు, ఎవరో రైతు తవ్వుకున్న ఫారం పాండ్, అన్నీ వెండిలా వెలుగుతున్నాయి. నీళ్లు ఉన్న ప్రతి జాగా వెలుగు, లేనిదంతా చీకటి. సూర్యుడికి ఎదురుగా చూస్తే నీళ్లు అద్దమవుతాయని నాకు తెలియనిది కాదు. కానీ అంత కింద ఉన్న సూర్యుడి వెలుగులో చెరువుకూ చెరువుకూ మధ్యన ఉన్న వంక కూడా సన్నటి తీగలా మెరుస్తుందని ఏ టోపోషీటూ చెప్పలేదు. పూసల దండ అనుకున్నాను కదా చిన్నప్పుడు. కాదు, వెండి మొలతాడు. అక్కడక్కడా తెగి ఉంది.

కెమెరా ఎత్తాను. అన్ని సెట్టింగులూ తిరుగు ప్రయాణం వెలుతురుకు పెట్టుకున్నవి. షట్టరు 1/4000కి తిప్పే లోపల మొదటి నాలుగు ఫొటోలు తెల్ల కాగితాల్లా వచ్చాయి. తర్వాత పదిహేను దొరికాయి. తిప్పి తిప్పి కొడితే మొత్తం నిమిషంన్నర. విమానం ముందుకు పోయింది, వెలుగు ఒక్కొక్క చెరువే వదిలేసుకుంటూ వచ్చింది.

ధర్మవరం చెరువు దగ్గర వెనక్కి తిరిగాం. ఇక నా అసలు పని మొదలవ్వాలి. ఆ అమ్మాయి ఒక్కో చెరువు చుట్టూ విమానాన్ని కుడికి వంచి తిప్పుతుంటే, నేను రెక్క ఊతకడ్డీకి వెనకగా, చక్రానికి పైగా దొరికే కాస్త సందులోంచి తీయాలి. విమానం వంగినప్పుడు ఒంటి బరువు పెరిగినట్టు కుర్చీలోకి దిగబడిపోతాం. ఒక కన్ను కెమెరాలో, ఒక కన్ను మూసి, తల పక్కకు వంచి, చుట్టూ తిరుగుతూ... రెండో చుట్టుకు నోట్లో నీళ్లూరాయి. మూడో చుట్టుకు బజ్జీలు గుర్తొచ్చాయి. నాలుగో చెరువు దగ్గర సీటు జేబులో ఉన్న కవర్ తీసుకున్నాను. అంతకంటే వివరం అక్కర్లేదు. ఆ అమ్మాయి ఏమీ అనలేదు, విమానాన్ని తిన్నగా పెట్టి, వేలు ఎత్తి దూరంగా గుట్టల గీతను చూపించింది. దాన్నే చూస్తూ ఉండమని. ఐదు నిమిషాలకు కొంచెం నిలదొక్కుకున్నాను.

కెమెరాలోంచి చూస్తున్నంతసేపూ కన్ను ఒకటి చెప్తుంది, చెవిలోని బ్యాలెన్స్ ఇంకొకటి చెప్తుంది, కడుపు ఎవరి మాట వినాలో తెలియక తిరగబడుతుంది. అలవాటైనవాళ్లు ఫొటో ఫొటోకీ మధ్య తల ఎత్తి ఆకాశం అంచు చూస్తారట. ఈ మాట నాకు దిగాక చెప్పారు.

మా ఊరి చెరువు ఏడోది. పదకొండు ఫొటోలు తీశాను దానికి. చేతులు వణుకుతున్నాయి, విమానం కాదు. ఎనిమిది, తొమ్మిది వదిలేశాను.

1858లో పారిస్ దగ్గర నాదార్ అనే ఫొటోగ్రాఫరు బెలూన్ ఎక్కి ఫొటోలు తీస్తే మొదట్లో ప్లేట్లన్నీ నల్లబడిపోయేవట. బెలూన్‌లోంచి కారే గ్యాసు ఆయన రసాయనాలను పాడుచేస్తోందని కనిపెట్టడానికి చాలాసార్లు ఎగరాల్సి వచ్చింది. దిగి రన్‌వే పక్కన కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటున్నప్పుడు ఆయనే గుర్తొచ్చాడు. నాది గ్యాసు సమస్యే గానీ, వేరే రకం.

ఆ రాత్రి ఫొటోలు తెరిచాను. వెండి మొలతాడు ఫొటోల్లో ఒకటి అనుకున్నట్టే వచ్చింది, అది స్టూడియోలో కౌంటరు వెనక పెట్టుకున్నాను. కానీ నన్ను అర్ధరాత్రి దాకా కూర్చోబెట్టింది అది కాదు, మా చెరువు పదకొండింటిలో ఎనిమిదోది. వెలుతురు వెనకనుంచి పడింది కాబట్టి అందులో మెరుపులేమీ లేవు, రంగులున్నాయి. వేరుశనగ చేలు, ఎర్రగా దుక్కి, కట్ట మీద కంపచెట్లు. పై చెరువు మరువ నుంచి మా చెరువు దాకా ఒక పచ్చటి గీత వంకర్లు తిరుగుతూ వస్తోంది. అక్కడ వంక ఉన్నట్టు కింద నిలబడితే కనబడదు, పూడిపోయి ముప్పై ఏళ్లయింది. కానీ నేల కింద తడి ఇంకా ఉన్నట్టుంది, ఆ మేర చేను మిగతా చేలకంటే ముదురు పచ్చగా ఉంది. ఆ గీత మా చెరువుకు అర కిలోమీటరు దూరంలో ఆగిపోతుంది. అక్కడ తెల్లటి రాళ్లు, గళ్లు గళ్లుగా. ప్లాట్లు.

పెద్ద ప్రింటు తీయించి ఊరికి తీసుకుపోయాను. పెదనాయనకు ఎనభై దాటాయి. నులక మంచం మీద పరిచాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"ఇది తలకిందులుగా ఉందిరా" అన్నాడు.

"లేదు పెదనాయనా, పైన ఉత్తరం."

"ఉత్తరం ఎవరికి కావాల." ప్రింటును పట్టుకుని సగం చుట్టు తిప్పాడు. కట్ట ఆయన రొమ్ము వైపు వచ్చింది, నీళ్లు అవతలికి పోయాయి. అప్పుడు గుర్తుపట్టాడు. తూము చూపించాడు, బాయి చూపించాడు, మా జేజినాయన గుడిసె ఉన్న జాగా చూపించాడు. తర్వాత మరువ దగ్గర వేలు పెట్టి ఆ పచ్చ గీత వెంబడి నెమ్మదిగా జరుపుకుంటూ వచ్చాడు. తెల్ల రాళ్ల దగ్గర వేలు ఆగింది.

"ఈడ నీళ్లు మళ్లేటివి" అన్నాడు. "మీ జేజినాయన వానొస్తే రాత్రంతా ఈడే నిలబడేటోడు, పార పట్టుకోని."

వేలు అక్కడే ఉంచి ఇంకా చూస్తున్నాడు. మంచం పక్కన ఇంకో ఇద్దరు ముసలివాళ్లు చేరారు. వాళ్లూ వేళ్లు పెట్టారు. వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్న చేతులు అందరివీ. సాయంత్రానికి ప్రింటు నిండా ఎర్రమట్టి మరకలు. లామినేషన్ చేయించకుండా తెచ్చినందుకు పెదనాయన నన్నే తిట్టాడు.